రూబీలో క్లాసుల క్రమం ముఖ్యమా?

రూబీ అనే ప్రోగ్రామింగ్ భాషలో, ఫైలులో కింద రాసిన క్లాసును దానికంటే పైనున్న మెథడ్ లోపలి నుంచి వాడితే పనిచేస్తోందనీ, దానినే పేరెంట్ క్లాసుగా (వారసత్వం ఇచ్చే క్లాసుగా) పెట్టుకుంటే ‘అన్‌ఇనీషియలైజ్డ్ కాన్‌స్టంట్’ (ఆ పేరుతో కాన్‌స్టంట్ ఇంకా లేదు; రూబీలో క్లాసు పేరూ కాన్‌స్టంటే) అంటూ ఆగిపోతోందనీ, ఇంతకూ క్రమం ముఖ్యమా కాదా అనీ మీరు అడిగారు. ముఖ్యమే. రూబీలో క్లాసు నిర్వచనం కూడా పైనుంచి కిందికి నడిచే కోడే కనుక, పేరెంట్ పేరు ఆ పంక్తికి రాగానే దొరికి తీరాలి. మెథడ్ లోపలి పేర్లను మాత్రం ఆ మెథడ్‌ను పిలిచినప్పుడే వెతుకుతుంది.

నేను ఇదివరకు పనిచేసిన కంపెనీలో, రూబీ 2.6 రోజుల్లో, ఫోల్డరులోని ఫైళ్ళన్నింటినీ డిర్.గ్లాబ్‌తో (ఫైళ్ళ పేర్ల జాబితా ఇచ్చే మెథడ్‌తో) ఏరి వరుసగా రిక్వైర్ చేసేవారు, అంటే లోడు చేసేవారు. మా మ్యాక్ ల్యాప్‌టాపుల్లో అవి అక్షరక్రమంలో వచ్చేవి కాబట్టి, మిగతావాటికి పేరెంట్ ఉన్న ‘బేస్’ ఫైలు ముందు లోడయ్యేది. లినక్స్ సర్వరులో డైరెక్టరీ ఇచ్చిన వరుసే వరుస. ఒక రాత్రి కొత్త వెర్షన్ పెట్టగానే ‘ఇన్‌వాయిస్’ ఫైలు ముందు వచ్చి, బేస్ దొరకక, బిల్లింగ్ ప్రోగ్రాము లేవనే లేదు. అందరూ కోడులో తప్పు వెతుకుతుండగా, మా సీనియర్ ఒకావిడ రెండు యంత్రాల్లోనూ గ్లాబ్ ఇచ్చిన జాబితాలను పక్కపక్కన పెట్టి చూసి విషయం పట్టుకున్నారు. ప్రతి ఫైలూ తనకు కావలసిన పేరెంటును తానే రిక్వైర్ చేసుకునేలా ఆ రాత్రే మార్చాము. 2020 డిసెంబరులో వచ్చిన రూబీ 3.0 నుంచి గ్లాబ్ ఫలితాలు అక్షరక్రమంలోనే వస్తున్నాయి. అయినా దానిని నమ్ముకోవడం నాకు సమ్మతం కాదు, ఎందుకంటే అక్షరక్రమానికీ వారసత్వానికీ ఏ సంబంధమూ లేదు. ఫైలు పేర్ల ముందు 01, 02 అని అంకెలు తగిలించమనే సలహా తరచుగా కనిపిస్తుంది, దయచేసి పాటించకండి.

ఎర్రరు వస్తే నయమే, కనీసం తెలుస్తుంది. ఎర్రరు లేకుండా వేరే కాన్‌స్టంట్ దొరకడం అంతకంటే ప్రమాదం. బిల్లింగ్ అనే మాడ్యూల్ (క్లాసులను ఒకచోట చేర్చే పెట్టె) లోపల రిపోర్ట్ క్లాసు రాసి అందులో ట్యాక్స్ అనే పేరు వాడితే, రూబీ ముందు రిపోర్ట్‌లోనూ, తరువాత దానిని చుట్టి ఉన్న బిల్లింగ్‌లోనూ, ఆపైన రిపోర్ట్ పూర్వీకుల్లో ఆబ్జెక్ట్ వరకూ వెతుకుతుంది. అదే బిల్లింగ్::రిపోర్ట్ అని ఒకే పంక్తిలో రాస్తే, బిల్లింగ్‌ను చూడనే చూడదు. బయట మరో ట్యాక్స్ ఉంటే దానినే తీసుకుంటుంది, బిల్లులో మొత్తం మారిపోతుంది. రెండు పంక్తులు మిగులుతాయని ఈ పొట్టి పద్ధతిని మెచ్చుకునేవారితో నేను ఏకీభవించలేను.

రూబీతో వెబ్‌సైట్లు కట్టే ఫ్రేమ్‌వర్క్ రెయిల్స్ 6తో వచ్చిన జైట్‌వెర్క్ అనే లోడర్ ఫైళ్ళ లోడింగ్ బాధ్యతను తీసుకుంటుంది కానీ, ఈ వెతుకులాట నియమాన్ని మార్చదు. కాబట్టి అక్కడ కూడా మాడ్యూల్ లోపలే క్లాసు రాయండి. అనుమానం వచ్చిన చోట మాడ్యూల్.నెస్టింగ్‌ను ప్రింటు చేయండి, పూర్వీకుల దాకా పోకముందు రూబీ ఏ ఏ మాడ్యూళ్ళను చూస్తుందో వరుసగా కనిపిస్తుంది.