ఎండలో ఇంజన్ వేడి: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: చిన్న విమానం సెస్నా 172ఎస్‌పై శిక్షణ పొందుతున్నాను. ఏప్రిల్ మధ్యాహ్నం రన్-అప్ (టేకాఫ్‌కు ముందు ఇంజన్ పరీక్ష) అయ్యేసరికే సిలిండర్ హెడ్ టెంపరేచర్ (సీహెచ్‌టీ) పెరిగిపోతోంది, ఎక్కేటప్పుడు మరీ ఎక్కువ. ఏం చేయాలి?
- ఒక పాఠకుడు, కడప

జవాబు: ఈ ఇంజన్‌కు రేడియేటర్ లేదు. ముందు నుంచి వచ్చే గాలి సిలిండర్ల పైనుంచి వాటి పలుచని లోహపు రెక్కల (ఫిన్స్) మధ్యగా కిందికి దూరి వేడిని తీసుకుపోవాలి. నేల మీద నిలబడితే ప్రొపెల్లర్ గాలే దిక్కు. ప్రొపెల్లర్ మొదలు దగ్గర బ్లేడు తోసే గాలి చాలా తక్కువ కాబట్టి, ఆర్పీఎం పెంచితే చల్లబడుతుందనుకోవడం పొరపాటు. మండే పెట్రోలు పెరిగి వేడే ఎక్కువవుతుంది.

అందుకే నేల మీద గడిపే నిమిషాలు తగ్గించాలి. సీటు, బెల్టు, కంట్రోళ్లు, ఆల్టిమీటర్ లాంటివన్నీ స్టార్ట్ చేయకముందే చూసుకోండి. రన్-అప్‌కు ముక్కు గాలికి ఎదురుగా తిప్పి, 1800 ఆర్పీఎంలో మాగ్నెటోలు (ప్లగ్గులకు కరెంటు ఇచ్చే పరికరాలు) చూసి వెంటనే తగ్గించేయండి. ట్యాక్సీలో, అంటే నేల మీద నడిపేటప్పుడు, మిక్స్చర్ బాగా లీన్ చేసినా (గాలిలో కలిసే పెట్రోలు తగ్గించినా) భయం లేదు. అంత తక్కువ పవర్‌లో దానివల్ల ఇంజన్ వేడెక్కదు, పైగా ప్లగ్గులు శుభ్రంగా ఉంటాయి. టేకాఫ్‌కు ముందు మాత్రం ఫుల్ రిచ్ చేయడం (పెట్రోలు పూర్తిగా పెంచడం) మరవకండి. అదనపు పెట్రోలే ఆ సమయంలో సిలిండర్‌ను చల్లగా ఉంచుతుంది.

ఇక ఎక్కేటప్పుడు. అడ్డంకులు దాటాక 74 నాట్లనే పట్టుకుని కూర్చోవద్దు, ముక్కు కాస్త దించి 85కు రండి. గాలి ఒత్తిడి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనుక ఈ 11 నాట్లతోనే దాదాపు మూడో వంతు ఎక్కువ ఒత్తిడి దొరుకుతుంది. ఎక్కే రేటు కొంచెం తగ్గినా నష్టం లేదు. సముద్ర మట్టంలోనే 42 డిగ్రీలుంటే డెన్సిటీ ఆల్టిట్యూడ్ (గాలి పలచదనం ఏ ఎత్తుకు సమానమో చెప్పే లెక్క) సుమారు 3200 అడుగులు, అంటే గాలి ముందే పలచబడి ఉంది. సీహెచ్‌టీ గరిష్ఠ పరిమితి 260 డిగ్రీల సెల్సియస్ అయినా, 204 దాటకుండా చూసుకుంటే సిలిండర్లు చాలాకాలం మన్నుతాయి. దాటుతుంటే రెండు నిమిషాలు లెవెల్‌గా ఎగిరి మళ్లీ ఎక్కండి.

కార్బురేటర్ ఉన్న పాత 172 అయితే ఒక జాగ్రత్త. కొన్ని కార్బురేటర్లు ఫుల్ థ్రాటిల్‌లోనే అదనపు పెట్రోలు ఇస్తాయి. వేడి తగ్గుతుందని థ్రాటిల్ కొంచెం వెనక్కి లాగితే ఆ పెట్రోలు ఆగి వేడి ఇంకా పెరగొచ్చు.

ఇవన్నీ చేసినా ఒక్క సిలిండరే వేడెక్కుతుంటే తప్పు మీది కాదు, గాలిని సిలిండర్ల మీదికి మళ్లించే రేకుల అంచులైన బ్యాఫిల్ సీళ్లది కావొచ్చు. ఇంజన్ పై తొడుగు కౌలింగ్‌కు ఆనుకునే ఆ రబ్బరు అంచులు గాలి వచ్చే వైపుకు వంగి ఉండాలి, అప్పుడే ఒత్తిడికి బిగుసుకుంటాయి. వెనక్కి మడతపడితే గాలి సిలిండర్‌ను తాకకుండానే జారిపోతుంది. కింద టార్చి పెట్టి పైనుంచి చూస్తే సందులు తెలుస్తాయి. మెకానిక్‌ను ఆయిల్ కూలర్‌లో దుమ్ము, ముందు రంధ్రాల్లో గోరింక గూడు, డేటా ప్లేటు ప్రకారం మాగ్నెటో టైమింగ్ కూడా చూడమనండి. టైమింగ్ (ప్లగ్గు నిప్పురవ్వ ఇచ్చే సమయం) ముందుకు జరిగితే సిలిండర్ హెడ్ వేడెక్కుతుంది. సంప్‌లో ఆయిల్ 8 క్వార్ట్‌లు పడుతుంది, 5 కంటే తగ్గితే ఎగరకూడదు.

ప్రశ్న: దిగి ఇంజన్ ఆపిన పావుగంటకు స్టార్ట్ చేస్తే పట్టుకోవడం లేదు. ఎందుకు?
- ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: ఇంజన్ ఆగగానే గాలి ఆగుతుంది, సిలిండర్ల వేడి పైన ఉన్న సన్నని పెట్రోలు గొట్టాలకు పాకి లోపలి పెట్రోలు ఆవిరవుతుంది. ముక్కు గాలికి పెట్టి ఆపి, ఆయిల్ పోసే మూత తలుపు తెరిచి ఉంచితే వేడి పైకి పోతుంది. బయల్దేరే ముందు దాన్ని మూయాలి. వేడి ఇంజన్‌కు మొదట ప్రైమింగ్ (స్టార్ట్‌కు ముందు అదనంగా పెట్రోలు పంపడం) చేయకుండానే ప్రయత్నించండి.