ఒకే మడిలో అన్నీ వేయొచ్చు, మల్లె తప్ప

12 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు ఉన్న మడిలో మందారం, గులాబీ, మల్లె, కనకాంబరం, బంతి కలిపి వేయొచ్చా అని అడిగారు. వేయొచ్చండి, మల్లెను మాత్రం విడిగా ఉంచండి.

చోటు చాలక కాదు, నీళ్ల దగ్గరే పేచీ. మల్లె వేసవిలో విరగబూయాలంటే నవంబరు ఆఖరుకల్లా నీళ్లు ఆపి చెట్టును వాడగొట్టాలి. ఆకు దూసేసి, డిసెంబరు-జనవరిలో నేలకు ఒకటిన్నర అడుగు ఎత్తున కొమ్మలు కత్తిరించాలి. మొగ్గ వేసేది కొత్త చిగుళ్ల కొసలే. సరిగ్గా అదే సమయానికి గులాబీ మంచి పూత మీద ఉంటుంది, దానికి నీళ్లు ఆపలేం. రెండూ పక్కపక్కనుంటే మల్లె ఆకు గుబురుగా పెరుగుతుంది, పూత పలచబడుతుంది. కాబట్టి దాన్ని 16 అంగుళాల కుండీలో పెట్టండి.

మడిలో పడమటి కొసన మందారం ఒక్కటి చాలు. ఏటా 4 అడుగులకు కత్తిరించండి. దానికి తూర్పున రెండడుగులు వదిలి, అడుగు ఎడంతో కనకాంబరాలు వేయండి. పొద్దుటి ఎండ, మధ్యాహ్నం నీడ వాటికి బాగా పడతాయి. మరో రెండడుగుల తర్వాత గులాబీలు మూడు, ఒకదానికొకటి రెండున్నర అడుగుల దూరంలో. ఇంకా దగ్గరైతే గాలి ఆడక ఆకులు తడిగా ఉండిపోయి నల్లమచ్చ తెగులు వస్తుంది. నీళ్లు పొద్దున్నే, మొక్క మొదలు దగ్గరే పోయాలి, ఆకుల మీద కాదు. దక్షిణపు అంచున పొట్టి రకం బంతి, అడుగుకొకటి.

బంతి ఉంటే పురుగే రాదంటారు, అంత నమ్మకండి. ఎండలు ముదిరితే ఎర్రనల్లి ముందు బంతికే పట్టి, అక్కణ్ణుంచి గులాబీకి పాకుతుంది. ఆకు అడుగున సన్నని గూడు, పైన లేత చుక్కలు కనిపిస్తే ఆ బంతి మొక్కను పీకి దూరంగా పారేయండి. బంతి అసలు మేలు నేలలోనే. నీళ్లున్నా కనకాంబరం పసుపుబారి గిడసబారితే ఒకటి పీకి వేరు కడగండి. దారానికి రాగిగింజలు గుచ్చినట్టు బుడిపెలుంటే అది వేళ్లను పట్టే నులిపురుగు. ఆ చోట మూడు నెలలు బంతి ఒక్కటే ఒత్తుగా పెంచి, తర్వాత కనకాంబరం వేయండి. అంచున నాలుగు బంతులు పెట్టినంత మాత్రాన అది పోదు.

మందారానికి పిండినల్లి తప్పదు. చీమల బారు కనిపించిందంటే అది మొదలైందేమో చూడండి. పట్టిన కొసలు తుంచేసి, లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కాస్త సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పూట కొట్టండి. వారం తర్వాత మళ్లీ కొట్టాలి.