గోడ మీద 212 సెంటీమీటర్ల గీత

రాజమండ్రి నుంచి ఒక చెల్లెలు అడిగింది: "అక్కా, డిగ్రీ అయిపోయింది. ఎయిర్ హోస్టెస్ అవ్వాలని ఉంది. రెండు లక్షలు కడితే ఏడాదిలో గల్ఫ్‌లో ఉద్యోగం ఖాయం అని ఒక అకాడమీ వాళ్లు అంటున్నారు. నాన్న పొలం మీద అప్పు తెస్తానంటున్నారు. కట్టమంటావా? జీతం ఎలా ఉంటుంది? పాస్‌పోర్ట్ కూడా ఇంకా తీసుకోలేదు."

వద్దమ్మా. నాన్నగారిని ఇవాళే ఆపు.

దుబాయ్‌లో పదకొండేళ్లు క్యాబిన్ క్రూగా పనిచేసి ఇక్కడే స్థిరపడ్డదాన్ని కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను. ఎమిరేట్స్, ఖతార్ ఎయిర్‌వేస్ లాంటి సంస్థలు అకాడమీ సర్టిఫికెట్ అడగవు. ఎంపికైతే శిక్షణంతా వాళ్లే ఇచ్చుకుంటారు. ఉద్యోగం ఇచ్చినందుకు నీ దగ్గర రూపాయి కూడా తీసుకోరు. ఎవరైనా డబ్బడిగితే అక్కడే ఆగిపో. వాళ్లు నిజంగా అడిగేది ఏమిటంటే, 21 ఏళ్లు నిండాలి, ఇంటర్ పాసవ్వాలి, ఇంగ్లీషు తడబడకుండా మాట్లాడాలి, యూనిఫాం వేసుకున్నాక పచ్చబొట్టు కనబడకూడదు. ఎమిరేట్స్ అయితే మనుషులతో మసిలే ఉద్యోగంలో ఒక ఏడాది అనుభవం కూడా చూస్తుంది. అకాడమీకి పోసే ఏడాదిని ఏదైనా మంచి హోటల్ రిసెప్షన్‌లో, జీతం తీసుకుంటూ గడుపు. ఇంటర్వ్యూలో చెప్పడానికి నీకంటూ నాలుగు అనుభవాలు ఉంటాయి.

ఇంకొకటి, చేతి అందుబాటు. చెప్పులు విడిచి, మునివేళ్ల మీద నిలబడి 212 సెంటీమీటర్ల ఎత్తు అందుకోవాలి. మా నాన్న టేపు పట్టుకుని వంటింటి గోడ మీద పెన్సిల్‌తో గీత గీశారు. మొదటి రోజు నా వేలు గీతకి కొంచెం కింద ఆగిపోయింది. రోజూ పొద్దున్నే పళ్లు తోముకోగానే అక్కడ నిలబడి భుజం సాగదీసేదాన్ని. మూడు వారాలకి అందింది. ఇది అందానికి పెట్టిన కొలత అనుకోకు. ఆక్సిజన్ సిలిండర్లు, మందుల కిట్లు లాంటివి కొన్ని పైన అరల్లో ఉంటాయి, అవసరానికి చెయ్యి అందాలి.

ఈ ఉద్యోగమంటే నవ్వుతూ టీ ఇవ్వడమని మనవాళ్లు అనుకుంటారు. 2016 ఆగస్టు 3న తిరువనంతపురం నుంచి వచ్చిన ఎమిరేట్స్ విమానం దుబాయ్ రన్‌వేకి పొట్టతో రాసుకుపోయి మంటల్లో చిక్కుకుంది. 282 మంది ప్రయాణికులు, 18 మంది సిబ్బంది. లోపల పొగ నిండుతుంటే కొందరు బ్యాగుల కోసం పైకి చేతులు చాస్తున్నారు. జనం జారి దిగడానికి తలుపుల దగ్గర విచ్చుకునే స్లైడ్లు కొన్ని గాలికి లేచిపోయి పనికిరాలేదు. అయినా అందరూ ప్రాణాలతో దిగారు. మంటలార్పడానికి వచ్చిన ఒక ఫైర్‌మన్ మాత్రం ప్రాణం కోల్పోయారు. ఆ రోజు తలుపుల దగ్గర నిలబడి జనాన్ని దించినవాళ్లు ఎవరో కాదు, ఈ టీ ఇచ్చేవాళ్లే.

అందుకే శిక్షణలో ఎక్కువ భాగం మంటలు, పొగ, నీళ్లు, ప్రథమ చికిత్స. నాకు అన్నిటికన్నా కష్టమైంది అరవడం. ఖాళీ తలుపు ముందు నిలబడి, సామాను వదిలెయ్యమని, దూకమని అరవాలి. నా గొంతు పెగల్లేదు. ఆడపిల్ల గొంతు పెంచకూడదని విని పెరిగాను కదా. ట్రైనర్ ఏడుసార్లు మళ్లీ చెప్పించింది. ఏడోసారి నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. నువ్వు ఇప్పుడే డాబా మీదకెక్కి సాధన చెయ్యి, ఇరుగుపొరుగు ఏమన్నా అనుకోనీ. అలాగే గోదావరి పక్కనే పుట్టాం కానీ నీళ్లలో దిగం మనం. ఎవరైనా తెలిసినవాళ్ల దగ్గర ఈత నేర్చుకో.

జీతం గురించి అడిగావు. బేసిక్ ఒకటి, ఎగిరిన గంటలకి విడిగా. శిక్షణలో ఎగరవు కాబట్టి మొదటి రెండు నెలలు చెయ్యి కాస్త బిగువుగా ఉంటుంది. ఆ నెలల్లో ఇంటికి పంపుతానని మాటివ్వకు. ఫ్లాట్ సాధారణంగా కంపెనీదే, ఇంకో దేశం అమ్మాయితో పంచుకోవాలి. సంక్రాంతికి వస్తాననీ చెప్పకు, రోస్టర్, అంటే డ్యూటీల పట్టిక, మన పండగలు చూడదు. మొదటి ఉగాదికి నేను హోటల్ గదిలో ఒక్కదాన్నే ఏడ్చాను. ఆ సంగతి అమ్మకి ఇప్పటికీ చెప్పలేదు.

పెట్టె సర్దేటప్పుడు మీ అమ్మగారికి ఒక మాట చెప్పు. మసాలా పొడిలో గసగసాలు వెయ్యొద్దు, విడిగానూ పెట్టొద్దు. యూఏఈలో అవి నిషేధం. కోడీన్ ఉన్న దగ్గు మందు కూడా పర్మిషన్ లేకుండా తేకూడదు. తెలియక తెచ్చానంటే ఇక్కడ చెల్లదు.

పాస్‌పోర్ట్ ఇంకా తీసుకోలేదన్నావు. ముందు ఆ పని చూడు. టెన్త్ సర్టిఫికెట్ జత చేస్తే ఈసీఎన్ఆర్‌గా వస్తుంది, అంటే గల్ఫ్ లాంటి చోట్లకి ఉద్యోగానికి వెళ్లేటప్పుడు ఇమిగ్రేషన్ క్లియరెన్స్ విడిగా తీసుకోనక్కర్లేదు. అప్లికేషన్‌లో ఇంటిపేరు, పేరు సర్టిఫికెట్లలో ఎలా ఉన్నాయో అక్షరం పొల్లుపోకుండా అలాగే రాయి.