డాక్యుమెంటరీ కోసం ఇంట్లో కొళాయి, బకెట్ నీళ్లను తీస్తే అవి తెల్ల మరకలా కనబడి, వేపుడు చప్పుడులా వినబడుతున్నాయి. ఎందుకు?

ముందు వెలుగు సంగతి. నీళ్లకు సొంత రంగు దాదాపు ఉండదు, వెనకున్నదాన్నే చూపిస్తాయి. కెమెరా వైపు నుంచి లైటు వేస్తే కొళాయి ధార గోడలో కలిసిపోతుంది. కిటికీ ధారకు వెనకగానో పక్కగానో ఉండేలా నిలబడండి, వెనక ముదురు రంగు ఉండనివ్వండి. వేళ్ల సందుల్లోంచి జారే నీటి అంచులు అప్పుడే మెరుస్తాయి.

సెకనుకు 25 ఫ్రేములతో తీసేటప్పుడు షట్టర్ (ఒక్కో ఫ్రేముకు వెలుగు పడే సమయం) 1/50 సెకను ఉంటే ధార పట్టుదారంలా సాగుతుంది. బొట్లు విడివిడిగా కావాలంటే 1/1000 పెట్టాలి. దాంతో నాలుగు స్టాపులకు పైగా వెలుగు పోతుంది (ఒక్కో స్టాపుకు వెలుగు సగమవుతుంది), కొన్ని ఎల్ఈడీ బల్బుల కింద చారలూ వస్తాయి. కాబట్టి పగటి వెలుగే మేలు.

బకెట్లో ఆకాశం తప్ప అడుగు కనబడకపోతే పోలరైజర్ (లెన్సు ముందు బిగించే, ప్రతిబింబాలను తగ్గించే ఫిల్టర్) తిప్పి చూడండి. నీటి మట్టానికి సుమారు 37 డిగ్రీల కోణంలో అది బాగా పనిచేస్తుంది.

ఎక్కువమంది తప్పు చేసేది శబ్దం దగ్గరే. మైకు ధారకు మరీ దగ్గరైతే బుసబుస తప్ప ఏమీ మిగలదు. అర మీటరు వెనక్కి జరిపి, పాత్ర మూతి వైపు తిప్పండి. బిందె నిండేకొద్దీ లోపలి గాలి స్తంభం పొట్టిదై స్వరం పైకి లేస్తుంది. ఆ స్వరం విని, చూడకుండానే కొళాయి కట్టేసే చెయ్యి ఉంటుందే, నీటితో మనిషికున్న చనువంతా అందులోనే ఉంది! ఆ షాటును మధ్యలో కత్తిరించకండి. కొళాయి కట్టాక అదే గది నిశ్శబ్దాన్ని ఒక నిమిషం రికార్డు చేసుకోండి, ఎడిటింగులో అతుకులు కప్పడానికి అదే ఆధారం.