బొమ్మల సందులో సైకిల్ దిగండి

ప్రశ్న: మొన్న ఆదివారం ఏడో తరగతి చదివే మా బాబూ నేనూ నెక్లెస్ రోడ్డులో సైకిళ్ళు తొక్కాం. దగ్గర్లోనే మక్తాలో ఇళ్ళ గోడల మీద పెద్దపెద్ద బొమ్మలున్నాయని టీ బండి దగ్గర విన్నాం. సైకిళ్ళ మీద వెళ్ళి చూడొచ్చా? అంత పెద్దవి ఎలా వేస్తారని బాబు ఒకటే అడుగుతున్నాడు.
- ఒక పాఠకురాలు, ఉప్పల్

జవాబు: తప్పకుండా వెళ్ళండమ్మా. రాజ్‌భవన్‌కీ హుస్సేన్ సాగర్‌కీ మధ్య ఉన్న బస్తీ ఎం.ఎస్. మక్తా. 2016లో స్టార్ట్ ఇండియా ఫౌండేషన్ వాళ్ళు చిత్రకారులను పిలిచి అక్కడి గోడలకు బొమ్మలు వేయించారు. మన చిత్రకారులు స్వాతి, విజయ్ దంపతులూ వేశారు. ఎంఎంటీఎస్ లోకల్ రైల్లో అయితే నెక్లెస్ రోడ్ స్టేషన్‌లో దిగండి.

సైకిళ్ళు మాత్రం సందు మొదట్లోనే దిగి నడిపించుకెళ్ళండి. మొదటిసారి నేను బండి మీద ఒక చుట్టు కొట్టి అన్నీ చూసేశాననుకున్నాను. వారం తర్వాత నడిచి వెళ్తే, నేను దాటిపోయిన సందులోనే రెండంతస్తుల ఎత్తున ఒక ముఖం! కిటికీ ఊచలకు ఎవరో చీర ఆరేశారు. గాలికి అంచు లేచినప్పుడల్లా దాని వెనక కన్ను కనిపించేది. పది నిమిషాలు కదల్లేకపోయాను.

ఇక బాబు ప్రశ్న. పదిహేనేళ్ళు షాపులకు బోర్డులు రాసినవాణ్ణి, ఇష్టంగా చెబుతాను. ముందు కాగితం మీద బొమ్మకు గడులు గీస్తారు. గోడ మీదా అన్నే గడులు కొడతారు. నూలు తాడుకు రంగుపొడి పట్టించి, ఇద్దరు రెండు చివర్లా బిగించి పట్టుకుని, మధ్యలో లాగి వదిలితే టప్పున తిన్నని గీత పడుతుంది. కాగితం మీద అంగుళం గడి గోడ మీద మూరెడవుతుంది. తర్వాత ఒక్కో గడిలో ఏముందో చూసుకుంటూ నింపడమే. రాత్రిపూట ప్రొజెక్టర్ వేసి గీసుకునేవాళ్ళూ ఉన్నారు. బాబును గోడకు చెయ్యి తగిలేంత దగ్గర నిలబెట్టండి, రంగు మరకలే కనిపిస్తాయి. సందు చివరికి తీసుకెళ్ళి వెనక్కి తిరిగి చూడమనండి.

ఆలస్యం చేయకండి. గోడలకు వేసే రంగులు వానను బాగానే తట్టుకుంటాయి. అసలు శత్రువు చెమ్మ. నేల నుంచి పైకి పాకి ఉప్పు పట్టిస్తుంది, అందుకే బొమ్మ కింది భాగమే ముందు పెచ్చులూడుతుంది. ఎరుపుల్లో, పసుపుల్లో కొన్ని ఎండకు త్వరగా వెలిసిపోతాయి. జాజు లాంటి మట్టిరంగులు నిలుస్తాయి. ఇంటివాళ్ళు పైన ఇంకో గది వేసుకున్నా, సున్నం కొట్టించుకున్నా బొమ్మ పోతుంది. నాకు బాధే, కానీ ఇల్లు వాళ్ళది.

బాబుకు తనివితీరా తొక్కాలనుంటే ఇంకో రోజు ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పు వేసిన ట్రాక్‌కు తీసుకెళ్ళండి. 2023 అక్టోబరులో 23 కిలోమీటర్ల పొడవున తెరిచారు, నీడ ఉంటుంది. మక్తాకు మాత్రం పొద్దున్నే, ఎండ ముదరకముందే వెళ్ళండి.

ఫొటో తీసేముందు గుమ్మంలో ఉన్నవాళ్ళను ఒక మాట అడగండి. నేను అలా అడిగితే ఒక పెద్దావిడ బియ్యం ఏరడం ఆపి, తమ గోడ మీది బొమ్మకు మొదటి గీత ఎక్కడ పడిందో వేలు పెట్టి చూపించింది.