చింతపండుతో బంపర్ తోమొచ్చా? – పాత కార్లపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: జనగామ దగ్గర ఒక పల్లెలో 1984 మోడల్ అంబాసిడర్ ఉంది. ఏడేళ్లుగా రేకుల షెడ్డులోనే నిలబడి ఉంది. ఓనరు కాలం చేశారు. వాళ్ల అబ్బాయి బ్యాటరీ పెట్టి సెల్ఫ్ కొట్టి చూపిస్తానంటున్నాడు. ఆ డబ్బుకు కొత్త మోడల్ చిన్న కారే వస్తదని మా ఇంట్లో గొడవ. కొనే ముందు ఏమేం చూడాలండీ?
– హనుమకొండ

జవాబు: ముందు ఆ బ్యాటరీ పెట్టే పని ఆపించండి. ఏడేళ్లు కదలని ఇంజన్‌లో సిలిండర్ గోడల మీద నూనె పొర మిగలదు. తుప్పు పట్టిన గోడల మీద పిస్టన్ రింగులు ఒక్కసారిగా రాసుకుంటే గీతలు పడతాయి. బాగున్న ఇంజన్ కూడా సిలిండర్లను కోసి సరిచేసే బోరింగ్‌కు వస్తుంది.

ఇంజన్ సంగతి తర్వాత. ముందు రేకు చూడండి. అంబాసిడర్‌కు లారీకి ఉన్నట్టు విడిగా ఛాసిస్ ఉండదు, బరువంతా నేలరేకు, తలుపుల కింది మెట్టు భాగమే మోస్తాయి. డ్రైవర్ కాళ్ల దగ్గర మ్యాట్ ఎత్తండి. డిక్కీలో స్టెప్నీ తీసి దాని కింద చూడండి. టార్షన్ బార్ల (ముందు చక్రాలకు స్ప్రింగుల్లా పనిచేసే పొడవాటి కడ్డీలు) వెనక కొసలు బిగించి ఉన్న చోట స్క్రూడ్రైవర్ పిడితో కొట్టండి. టంగుమంటే మంచిదే. మెత్తగా దబ్‌మంటే లోపల తుప్పో, పైన పుట్టీయో ఉన్నట్టు. చిన్న అయస్కాంతానికి పల్చటి గుడ్డ చుట్టి తలుపుల కింది అంచుల మీద నడిపించినా పుట్టీ ఎక్కడుందో తెలిసిపోతుంది. అన్నిటికన్నా గట్టి పరీక్ష ఒకటుంది: ఒక పక్క జాకీ ఎత్తి, ఆ పక్క తలుపులు తెరిచి మూయండి. కింద ఉన్నప్పుడు బాగానే పడిన తలుపు జాకీ మీద ఉన్నప్పుడు పట్టేస్తుంటే బాడీ వంగుతోందన్నమాట. అలాంటి బండిని ఊరికే ఇచ్చినా తీసుకోవద్దు.

కాగితాల దగ్గర: ఆర్సీ ఇంకా తండ్రి పేరు మీదే ఉంటే ముందు ఫారం 31తో కొడుకు పేరు మీదికి మారాలి, ఆ తర్వాతే ఫారం 29, 30లతో మీ పేరుకు. ఆర్సీలోని ఛాసిస్, ఇంజన్ నంబర్లు బండి మీదున్న వాటితో అంకె అంకె సరిపోవాలి. "మధ్యలో ఇంజన్ మార్చినం గానీ రాయించలేదు" అన్నారంటే ఆ పని వాళ్లతోనే చేయించుకోండి.

ఇవన్నీ కుదిరి బండి మీ చేతికి వచ్చాక దాన్ని లేపే పద్ధతి ఇది. నాలుగు ప్లగ్గులూ విప్పి, ఒక్కో సిలిండర్‌లో రెండు చెంచాల ఇంజన్ ఆయిల్ పోసి ఒక రాత్రి వదిలేయండి. మర్నాడు గేరు న్యూట్రల్‌లో పెట్టి, ముందు బంపర్ దగ్గరి రంధ్రంలోంచి హ్యాండిల్ దూర్చి చేత్తో తిప్పండి. ఈ సదుపాయం కొత్త కార్లలో లేదు, పాత బండి మీద ఇష్టానికి ఇదీ ఒక కారణమే. తిరగకపోతే బలవంతం వద్దు. ఇంకాస్త ఆయిల్, ఇంకో రెండు రోజులు. తిరిగితే పాత ఆయిల్ దించి 20డబ్ల్యూ-40 రకం దాదాపు 4 లీటర్లు పోయండి. డిప్‌స్టిక్ చూసుకుంటూ పోయాలి. ట్యాంకు దించి కడిగించండి. పాత పెట్రోలు అడుగున బెల్లం పాకంలా పేరుకుని ఉంటుంది, అది కార్బొరేటర్‌లోకి పోతే వారం పాటు మీకు అదే పని. ప్లగ్గులు పెట్టకుండానే సెల్ఫ్ కొట్టి ఆయిల్ లైటు ఆరేదాకా చూసి, అప్పుడు ప్లగ్గులు బిగించండి. ప్లగ్గు గ్యాప్ 0.6 మి.మీ., డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకు కరెంటు పంచే భాగం) పాయింట్ల గ్యాప్ 0.4 మి.మీ. దాకా, ఫైరింగ్ ఆర్డర్ (సిలిండర్లలో నిప్పు పడే వరుస) 1-3-4-2.

స్టార్ట్ అయిందని ఆనందంలో రోడ్డెక్కొద్దు. బ్రేకుల మాస్టర్ సిలిండర్‌లో, చక్రాల సిలిండర్లలో రబ్బరు కప్పులు గట్టిపడి ఉంటాయి. నాలుగు చక్రాలకూ కిట్లు మార్చాల్సిందే. విప్పిన భాగాలను పెట్రోలుతోనో డీజిలుతోనో కడగొద్దు, రబ్బరు ఉబ్బుతుంది. బ్రేక్ ఆయిల్‌తోనే కడగాలి. టైర్ల మీద నాలుగంకెల తేదీ ఉంటుంది: 2316 అంటే 2016లో 23వ వారం. గాట్లు బాగున్నాయని అంత పాత టైర్లతో వెళ్లొద్దు.

ఇంట్లో గొడవకు మా దగ్గర మందు లేదు. వాళ్లన్నదీ అబద్ధం కాదు. రోజూ ఆఫీసుకు, పిల్లల బడికి అయితే కొత్తదే కొనండి.

ప్రశ్న: ఇప్పటి కార్లన్నీ ఒకేలా కనిపిస్తున్నాయి. పాత ఫియట్, స్టాండర్డ్ హెరాల్డ్, అంబాసిడర్ అయితే అర కిలోమీటరు దూరం నుంచే గుర్తుపట్టేవాళ్లం. ఇది మా వయసు వాళ్ల మురిపెమేనా, నిజంగా తేడా ఉందా?
– కరీంనగర్

జవాబు: తేడా నిజమే, దానికి కారణాలూ ఉన్నాయి. ఇప్పటి కారు ఆకారాన్ని గాలి సొరంగం, ప్రమాద పరీక్షలు, పాదచారుల రక్షణ నియమాలు కలిసి గీస్తాయి. మనిషికి తగిలితే దెబ్బ తగ్గాలని ముక్కు ఎత్తుగా, గుండ్రంగా వచ్చింది. బోల్తా పడినా పైకప్పు నిలవాలని అద్దం పక్క స్తంభాలు లావెక్కాయి. పక్క దెబ్బకు ఆగాలని తలుపులు ఎత్తై కిటికీలు చిన్నవయ్యాయి. అందరికీ అవే షరతులు కనుక అందరూ అదే బొమ్మ దగ్గరికి చేరారు.

పాత బండికి ఆ షరతులు లేవు. అంబాసిడర్ ఇంగ్లండ్‌లోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 నుంచి వచ్చింది, 2014 దాకా కోల్‌కతా దగ్గరి ఉత్తరపారాలో ఆ ఒంపులతోనే తయారైంది. హెరాల్డ్‌ను గీసింది ఇటలీ డిజైనర్ జొవాన్నీ మికెలొట్టి. అందుకే దాని గీతలు మిగతా రెండింటిలా గుండ్రంగా ఉండవు, కత్తిరించినట్టుంటాయి. ముందు లైట్లు మాత్రం అప్పట్లో దాదాపు అందరివీ ఏడంగుళాల గుండ్రటివే. అయినా దేని ముఖం దానిదే. ముందు తలుపులో ఆ చిన్న తిరుగుడు అద్దం చూడండి. ఏసీ లేని కాలంలో దాన్ని ఏటవాలుగా తిప్పితే గాలి నేరుగా ఛాతీ మీదికి కొట్టేది. అంబాసిడర్, ఫియట్‌లలో స్టీరింగ్ పక్కన గేరు ఉండబట్టి ముందు సీటు బల్లలా ఉండేది, ముగ్గురు కూర్చునేవారు. అందం అవసరంలోంచి పుట్టిందంటే ఇదే.

కానీ ఒకటి దాచకూడదు. ఆ సన్నటి స్తంభాలే ప్రమాదంలో ముందు ముడుచుకుపోతాయి. ముందు నుంచి గుద్దితే దెబ్బను మింగే మడత భాగం లేదు, స్టీరింగ్ కడ్డీ నేరుగా రొమ్ము మీదికి వస్తుంది. సీటు బెల్టులు లేకపోతే పెట్టించండి, హైవే మీద 60–70 దాటకండి.

ప్రశ్న: మా బాపు వాడిన ప్రీమియర్ పద్మిని ఉంది. ఏప్రిల్, మే వస్తే చాలు, గోదావరిఖని నుంచి పెద్దపల్లి దాటేలోపు మధ్యాహ్నం పూట దానంతటదే ఆగిపోతుంది. అరగంట చెట్టు కింద ఉంచితే మళ్లీ బాగానే పోతది. మెకానిక్ ఒకసారి కాయిల్, ఒకసారి పంపు మార్చారు. తగ్గలేదు.
– గోదావరిఖని

జవాబు: మార్చే ముందు కనుక్కోవాలి. బండి ఆగిన ఆ ఐదు నిమిషాల్లోనే పరీక్ష చేయాలి, చల్లారాక చేస్తే ఏమీ తేలదు. ముందు పెట్రోలు ఆవిరి వాసన లేకుండా చూసుకోండి. ఒక ప్లగ్గు వైరు పీకి, వేరే ప్లగ్గు తగిలించి, దాన్ని కార్బొరేటర్‌కు దూరంగా ఇంజన్ రేకుకు ఆనించి సెల్ఫ్ కొట్టించండి. నీలం నిప్పు టక్‌టక్‌మని వస్తే కరెంటు బాగున్నట్టే, లోపం పెట్రోలుది. పసుపుగా, బలహీనంగా వచ్చినా, అసలు రాకపోయినా కండెన్సర్‌ను, కాయిల్‌ను అనుమానించాలి. వేడెక్కితే చచ్చి, చల్లారితే బతికే గుణం కండెన్సర్‌కు కూడా ఉంది. చాలామంది కాయిల్ మార్చి దీన్ని వదిలేస్తారు.

మీరు చెప్పినదాన్ని బట్టి మాత్రం ఇది పైపులో ఆవిరి పట్టడమే అనిపిస్తోంది. పద్మినిలో పంపు ఇంజన్‌కే బిగించి ఉంటుంది. మీ వైపు 45 డిగ్రీల ఎండకు ఇంజన్ వేడి తోడైతే పంపులోనే పెట్రోలు మరిగి బుడగలవుతుంది. పంపు లాగుతుంది, కానీ బుడగనే లాగుతుంది. పాత డ్రైవర్లు గుడ్డ తడిపి పంపు మీద వేసేది ఇందుకే. పంపు మూతకు, పైపుకు చుట్టి కొంచెం కొంచెంగా నీళ్లు పోస్తే రెండు మూడు నిమిషాల్లో బండి లేస్తుంది. లేచిందంటే రోగం తేలినట్టే.

శాశ్వతంగా పోవాలంటే: పంపుకు, ఇంజన్‌కు మధ్య ఉండే వేడి ఆపే దిమ్మ సరిగా ఉందో లేదో చూడండి. మెకానిక్‌లు పంపు మార్చినప్పుడు దాన్ని పారేసి ఉత్త గ్యాస్కెట్ వేస్తుంటారు. దిమ్మ మందం మారితే పంపు లివర్ కదలిక కూడా మారుతుంది, కాబట్టి అదే మందం వేయాలి. సైలెన్సర్ పైపు దగ్గరగా పోతున్న పెట్రోలు పైపును పక్కకు జరిపించి, మధ్యలో పల్చటి అల్యూమినియం రేకు అడ్డు పెట్టించండి. అయినా తగ్గకపోతే ట్యాంకు దగ్గర ఎలక్ట్రిక్ పంపు పెట్టొచ్చు. కానీ అది 2–3 పీఎస్ఐ ఒత్తిడి మించనిదై ఉండాలి. ఇంజెక్షన్ కారు పంపు పెడితే కార్బొరేటర్ సూది ఆ ఒత్తిడికి ఆగదు, పెట్రోలు పొంగి నిప్పంటుకుంటుంది.

పనిలో పనిగా రేడియేటర్ కూడా చూపించండి. బోరు నీళ్లే పోస్తుంటే గొట్టాల్లో సున్నం పేరుకుని ఇంజన్ మామూలుకన్నా వేడిగా నడుస్తుంది. కడిగించి, శుద్ధి చేసిన నీళ్లలో మూడో వంతుకు తగ్గకుండా కూలెంట్ కలిపి పోయండి. థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కేదాకా నీళ్లను ఆపే కవాటం) పీకేయమని సలహా ఇచ్చేవాళ్లుంటారు. మూసుకుపోయిన రేడియేటర్ దానివల్ల తెరుచుకోదు, చలికాలంలో ఇంజన్ చల్లగా నడిచి ఆయిల్ పాడవుతుంది.

ప్రశ్న: 20 శాతం ఇథనాల్ పెట్రోలు వచ్చాక అంబాసిడర్ పికప్ తగ్గింది, పెట్రోలు పైపులు మెత్తబడి జిగటగా అయ్యాయి. ఖరీదైన ప్రీమియం పెట్రోలు పోస్తే సరిపోతుందా?
– నిజామాబాద్

జవాబు: ఆక్టేన్ ఎక్కువున్న పెట్రోలు ఎక్కువ కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి, పెట్రోలు కలిపి నొక్కడం) ఉన్న ఇంజన్‌కు పనికొస్తుంది. మీ ఇంజన్ కంప్రెషన్ తక్కువ, డబ్బులే దండగ. ఇక్కడ జరిగేవి రెండు. ఇథనాల్ పాత రకం రబ్బరును ఉబ్బిస్తుంది, ట్యాంకులో ఏళ్లుగా అంటుకున్న మడ్డిని కరిగించి ముందుకు తోస్తుంది. రెండోది, దానిలో ఆక్సిజన్ ఉంటుంది కనుక అదే గాలికి పెట్రోలు ఎక్కువ కావాలి. కొత్త కారులో కంప్యూటర్ సర్దుకుంటుంది. కార్బొరేటర్‌కు ఆ తెలివి లేదు, మనమే సర్దాలి.

పైపులన్నీ ఇథనాల్‌కు తట్టుకునే ఎస్ఏఈ జె30 ఆర్9 అని ముద్ర ఉన్నవి వేయించండి. పంపు డయాఫ్రమ్, కార్బొరేటర్ వాషర్లు ఇథనాల్‌కు తట్టుకునేవి అడిగి తీసుకోండి. పైపులు మార్చాక మొదటి నెలలో ఫిల్టర్ రెండుసార్లు మార్చాల్సి రావొచ్చు.

ఎస్‌యూ కార్బొరేటర్ అయితే జెట్ (పెట్రోలు వచ్చే సన్నటి రంధ్రం) నట్టును ఒక్కో ముఖం చొప్పున కిందికి దించుతూ పోవాలి. ఎంత దాకా అంటే, వేడి ఇంజన్ ఐడిల్‌లో ఉండగా కార్బొరేటర్ పిస్టన్‌ను దాని చిన్న పిన్నుతో మిల్లీమీటరు కన్నా తక్కువ ఎత్తి వినండి. ఇంజన్ స్పీడ్ పెరిగి అలాగే ఉంటే పెట్రోలు ఎక్కువైంది. ఆగబోతే తక్కువైంది. కొద్దిగా పెరిగి వెంటనే మామూలుకొస్తే సరిగ్గా ఉంది. పైనున్న మూత విప్పి లోపలి గొట్టం కొసకు అరంగుళం పైదాకా ఆయిల్ ఉందేమో కూడా చూడండి. అది ఎండిపోతే పికప్‌లో జర్కు వస్తుంది, నేరం మాత్రం ఇథనాల్ మీదికి పోతుంది. సోలెక్స్ కార్బొరేటర్ అయితే మెయిన్ జెట్ మీది అంకె చూడండి, అది మిల్లీమీటరులో నూరో వంతుల లెక్క. 120 ఉంటే 125 వేసి, ప్లగ్గు కొస తెలుపు నుంచి లేత గోధుమ రంగుకు వచ్చిందో లేదో చూడండి.

నెలకు మించి బండి కదలదనుకుంటే ట్యాంకు సగంలో వదలొద్దు. ఖాళీ చోటులోని తేమను ఇథనాల్ పీల్చుకుంటుంది, ఆ నీళ్లు అడుగుకు చేరి ట్యాంకును తినేస్తాయి.

ప్రశ్న: 1970లో రిజిస్టరైన స్టాండర్డ్ హెరాల్డ్ ఉంది. వింటేజ్ నంబరు తీసుకుంటే లాభమేనా?
– కాజీపేట

జవాబు: ఎక్కడికి నడుపుతారన్నదే ప్రశ్న. 2021లో వచ్చిన కేంద్ర నియమం ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, అసలు రూపం మారని బండి వింటేజ్ కిందికి వస్తుంది. కొత్తగా చేయించుకుంటే ఫీజు 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. ఆ తర్వాత మళ్లీ చేయించుకోవడానికి 5,000. నంబరు ప్లేటు మీద రాష్ట్ర అక్షరాల పక్కన వీఏ అని ఉంటుంది. కానీ ఆ బండిని రోజువారీ తిరుగుళ్లకు వాడకూడదు. ప్రదర్శన, ర్యాలీ, రిపేరు, పెట్రోలు పోయించుకోవడం వంటి వాటికే.

ఆదివారం పూట వేయిస్తంభాల గుడి దాకా వెళ్లి రావాలనుకుంటే మామూలు రిజిస్ట్రేషన్‌నే ఐదేళ్లకోసారి ఫారం 25తో రెన్యువల్ చేయించుకోండి. గడువుకు 60 రోజుల ముందు నుంచి పెట్టుకోవచ్చు. బండిని ఇన్‌స్పెక్టర్ చూస్తారు: లైట్లు, బ్రేకులు, హారన్, పొగ. గ్రీన్ ట్యాక్స్ ఉంటుంది. పదిహేనేళ్లు దాటితే తుక్కుకే అన్న మాట ఢిల్లీ చుట్టుపక్కల ఉన్న ఆంక్షల వల్ల పుట్టింది, మన దగ్గర ఫిట్‌గా ఉంటే నడుస్తుంది.

ప్రశ్న: మార్క్ 4 అంబాసిడర్‌కు ఇసుజు ఇంజన్, ఏసీ, అల్లాయ్ చక్రాలు, కింద గేరు పెట్టించాలని ఉంది.
– మంచిర్యాల

జవాబు: ఇసుజు 1.8 ఇంజన్ 1990ల్లో కంపెనీయే అంబాసిడర్‌లో పెట్టింది కనుక కూర్చుంటుంది. కానీ ముందుగా అనుమతి తీసుకుని, మార్పును ఆర్సీలో రాయించాలి, లేకపోతే ప్రమాదం జరిగిన రోజు ఇన్సూరెన్సు వాళ్లు చేతులెత్తేస్తారు. ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులు పెట్టకుండా శక్తి పెంచొద్దు. ఏసీ కావాలంటే డైనమో తీసి ఆల్టర్నేటర్ వేయాల్సిందే. అల్లాయ్‌లు, కింద గేరు మాత్రం వద్దంటాం. కంటికి కనబడనివి మార్చండి: పైపులు, బ్రేకులు, వైరింగ్. చేతికి, కంటికి తగిలేవి వదిలేయండి. అవీ మార్చాక మిగిలేది పాత రేకులో కొత్త కారు, దానికన్నా కొత్త కారే చవక.

ప్రశ్న: ఇత్తడి బిందెలు తోమినట్టు క్రోమ్ బంపర్‌ను చింతపండుతో తోమొచ్చా? మా ఇంట్లో తోమేశారు, మెరిసింది కూడా.
– ములుగు

జవాబు: మెరుస్తుంది, నెల తర్వాత చుక్కలు లేస్తాయి. ఇత్తడి లోపలంతా ఇత్తడే. బంపర్ మాత్రం ఇనుము మీద నికెల్, దాని మీద వెంట్రుకకన్నా పల్చటి క్రోమ్. సూది మొనంత రంధ్రాల్లోంచి పులుపు ఇనుము దాకా దిగుతుంది. ఇప్పటికైతే నీళ్లతో బాగా కడిగి పూర్తిగా ఆరబెట్టి మైనం పాలిష్ పట్టించండి. ఈసారి తుప్పు చుక్కలు కనబడితే, రొట్టెలు చుట్టే అల్యూమినియం కాగితాన్ని ఉండ చేసి, మామూలు నీళ్లలో ముంచి మెల్లగా రుద్దండి. నల్లటి మడ్డి వస్తుంది, గుడ్డతో తుడిచేస్తే చాలు. పొర లేచిపోయి గోటికి తగులుతుంటే ఇక రుద్ది లాభం లేదు, విప్పి మళ్లీ క్రోమ్ పట్టించాలి.