మందుల దుకాణంలో ఫ్లూ టీకా: పాఠకుల ప్రశ్నలు, డాక్టరు జవాబులు

ప్రశ్న: మా నాన్నగారికి 72 ఏళ్లు, మధుమేహం ఉంది. ఏటా ఫ్లూ టీకా వేయించమని డాక్టరు గారు చెబుతూనే ఉన్నారు గానీ, అపాయింట్‌మెంటు దొరికిన రోజు నాకు సెలవు ఉండదు, నాకు తీరిక ఉన్న రోజు క్లినిక్ తెరవరు. కొన్ని దేశాల్లో ఈ టీకాను ఫార్మసిస్టులే వేస్తున్నారని చదివాను. పెద్దవాళ్లకు అది క్షేమమేనా? దానివల్ల టీకా వేయించుకునేవారు నిజంగా పెరిగారా, లేక డాక్టరు దగ్గరికి వెళ్లేవారే దుకాణానికి మారారా?

జవాబు: మీ రెండో ప్రశ్నతో మొదలుపెడతాను, ఎందుకంటే ఈ విధానాన్ని సమర్థించేవారు దాన్ని తరచూ దాటవేస్తుంటారు. రెండూ జరిగాయి. ఫార్మసిస్టులకు అనుమతి ఇచ్చిన చోట్ల టీకా వేయించుకునేవారు మొత్తం మీద కొంత పెరిగారు గానీ ఆ పెరుగుదల అద్భుతమేమీ కాదు. అంతకుముందు క్లినిక్‌కు వెళ్లేవారిలో కొందరు దగ్గరగా ఉందని ఇటు వచ్చారు. అయితే అమెరికాలో ఒక పెద్ద ఫార్మసీ సంస్థ 2011-12లో వేసిన 60 లక్షలకు పైగా టీకాలను పరిశీలించినప్పుడు, వాటిలో దాదాపు 30 శాతం సాయంత్రాలు, వారాంతాలు, సెలవు రోజుల్లో, అంటే మామూలుగా క్లినిక్‌లు మూసి ఉండే వేళల్లో వేసినవేనని తేలింది. అందులో ఫ్లూ కాక ఇతర టీకాలు కూడా ఉన్నాయి. వద్దనుకుని కాకుండా వీలుపడక మానేసే మీవంటి వారికి ఈ ఏర్పాటు బాగా అక్కరకొస్తుంది. టీకా మీద నమ్మకం లేనివారిని, మంచం దిగలేనివారిని ఇది చేరదు. ఫార్మసీలు ఉన్నాయి కదా అని ఇంటికి వెళ్లి టీకా వేసే నర్సుల సేవను కుదిస్తే, ఒక చోట వచ్చిన లాభం మరో చోట పోయినట్టే.

ఫ్లూ టీకాకే దుకాణాల అవసరం ఎందుకు వచ్చిందంటే, చిన్నప్పుడు వేసే టీకాల మాదిరిగా దీన్ని ఒకసారి వేయించుకుని ఊరుకోవడానికి లేదు. వైరస్ రూపు మార్చుకుంటూ ఉంటుంది, టీకా ఇచ్చిన రక్షణా నెలలు గడిచేకొద్దీ తగ్గుతుంది. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఉత్తరార్ధగోళానికి ఫిబ్రవరిలో, దక్షిణార్ధగోళానికి సెప్టెంబరులో, రాబోయే సీజను టీకాలో ఏ రకాలు ఉండాలో సూచిస్తుంది. తయారైన టీకా చేతికి వచ్చాక, వేయించుకున్న తర్వాత రక్షణ ఏర్పడడానికి పట్టే రెండు వారాలను తీసివేస్తే, అంతమందికీ వేయడానికి మిగిలేది కొద్ది వారాలే. ఆ రద్దీని క్లినిక్‌లు ఒంటరిగా మోయలేవు. అమెరికాలో 2009 నాటికి మొత్తం 50 రాష్ట్రాలూ ఫార్మసిస్టులకు ఈ అనుమతి ఇచ్చాయి. ఐర్లండులో 2011లో, ఇంగ్లండులో జాతీయ పథకంగా 2015లో ఈ సేవ మొదలైంది. ఫ్రాన్సు 2017లో రెండు ప్రాంతాల్లో ప్రయోగాత్మకంగా ప్రారంభించి 2019లో దేశమంతటికీ విస్తరించింది.

ఇక క్షేమం సంగతి. శిక్షణ పొందిన ఫార్మసిస్టు వేసేదీ, డాక్టరు వేయించేదీ ఒకే టీకా. మీ నాన్నగారి వయసు, మధుమేహం టీకాకు అడ్డంకులు కావు, నిజానికి ఆయన తప్పక వేయించుకోవలసినవారిలో ఒకరు. గతంలో ఫ్లూ టీకాకు తీవ్రమైన అలర్జీ వచ్చినవారు, టీకా వేసిన ఆరు వారాల్లోపు గిలియన్ బారీ సిండ్రోమ్ (నరాలు దెబ్బతిని కండరాలు బలహీనపడే అరుదైన జబ్బు) వచ్చినవారు మాత్రం దుకాణానికి వెళ్లకుండా తమ డాక్టరునే అడగాలి. జ్వరం గట్టిగా ఉన్న రోజున వాయిదా వేయండి. 65 ఏళ్లు దాటినవారి కోసం మోతాదు పెంచిన టీకాలు కొన్ని దేశాల్లో ఉన్నాయి కనుక, అవి దొరుకుతాయేమో ముందుగా కనుక్కోండి.

ఒక్క విషయంలో మాత్రం నాది పట్టుదలే అనుకోండి. టీకా పేరు, బ్యాచ్ నంబరు, తేదీ, ఏ చేతికి వేశారన్నది రాసిన చీటీ తీసుకోకుండా బయటికి రావద్దు, దాన్ని మీ డాక్టరుకు చూపించండి. దుకాణంలో వేసిన టీకా డాక్టరు రికార్డులోకి చేరకపోతే, ఆయన లెక్కలో మీ నాన్నగారు టీకా వేయించుకోనివారే అవుతారు. రేపు ఏదైనా దుష్ప్రభావం కనిపిస్తే ఏ బ్యాచ్ అన్నది ఎవరికీ తెలియదు. ఈ సేవను విస్తరించాలనుకునే ప్రభుత్వాలు దుకాణాల సంఖ్య పెంచడానికి ముందు ఈ నమోదును సరిచేసుకోవాలని నా అభిప్రాయం.

ప్రశ్న: నేను ఫార్మసిస్టును. మా దుకాణంలో ఫ్లూ టీకా సేవ ప్రారంభించాలని ఉంది. ఇంజక్షన్ వేయడం నేర్చుకుంటే సరిపోతుందా?

జవాబు: చట్టం మీకు అనుమతిస్తుందో లేదో ముందు తేల్చుకోండి. అనుమతి ఉంటే, సూది కన్నా ముందు ఫ్రిజ్ గురించి ఆలోచించండి. ఈ టీకా 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. వెచ్చబడితే పాడవుతుందని అందరికీ తెలుసు గానీ, గడ్డకట్టినా పనికిరాదన్న సంగతి చాలామంది మరచిపోతారు. పెట్టెలను ఫ్రిజ్ తలుపు అరల్లో పెట్టకండి, వెనుక గోడకూ ఆనించకండి. కనిష్ఠ, గరిష్ఠ ఉష్ణోగ్రతలు రెండూ చూపే థర్మామీటరు లోపల పెట్టి, రోజుకు రెండుసార్లు చూసి పుస్తకంలో రాయండి. రాత్రి కరెంటు పోయి ఉదయానికి మళ్లీ వచ్చిందనుకోండి, ఆ రీడింగు లేకపోతే టీకా చెడిందో లేదో చూపుతో చెప్పలేరు.

కౌంటరు దగ్గర నిలబెట్టి వేయడం కుదరదు. తెర కట్టిన చిన్న చోటు, రెండు కుర్చీలు కావాలి, ఎందుకంటే మీరు నిలబడి, వారు కూర్చుంటే సూది ఉండవలసినదానికన్నా పైకి పోతుంది. చొక్కా చేతిని సగం మడిచినా అదే చిక్కు. భుజం పూర్తిగా కనిపించాలి. భుజం ఎముక అంచు నుంచి రెండు మూడు వేళ్ల కిందుగా, కండ మందంగా ఉన్న చోట వేయాలి. మరీ పైన వేస్తే మందు కీలు చుట్టూ ఉన్న భాగంలోకి వెళ్లి, నెలల తరబడి చెయ్యి ఎత్తలేనంత నొప్పి రావచ్చు. వేసిన తర్వాత 15 నిమిషాలు కూర్చోబెట్టండి. తీవ్రమైన అలర్జీ అరుదు, కళ్లు తిరిగి పడిపోవడం అంత అరుదు కాదు. అడ్రినలిన్ ఇంజక్షన్ చేతికందే చోట ఉండాలి, దాన్ని ఎప్పుడు, ఎంత ఇవ్వాలో మీకు కంఠతా రావాలి. మీరు లోపల టీకా వేస్తున్నప్పుడు ప్రిస్క్రిప్షన్లు చూసేందుకు అర్హత గల మరొకరు లేకపోతే, టీకాలకు వేళలు విడిగా కేటాయించుకోండి. రెండు పనులూ ఒక్కరే చేయబోతే తప్పు జరిగేది ఎక్కువగా మందులు ఇచ్చే దగ్గరే.

ప్రశ్న: నాకు అయిదో నెల. మా బాబుకు రెండేళ్లు. ఇద్దరం ఫార్మసీలోనే ఫ్లూ టీకా వేయించుకోవచ్చా?

జవాబు: మీరు వేయించుకోవచ్చు, అక్కడి నిబంధనలు గర్భిణులకు అనుమతిస్తే చాలు. గర్భంతో ఉన్న ఏ నెలలోనైనా నిర్జీవ టీకా వేయించుకోవచ్చు. ముక్కులో పిచికారీ చేసే సజీవ టీకా మాత్రం వద్దు. పుట్టబోయే బిడ్డకు ఆరు నెలలు నిండేదాకా ఫ్లూ టీకా వేయరు కనుక, మీ నుంచి అందే యాంటీబాడీలే అప్పటిదాకా దానికి రక్షణ. బాబును మాత్రం పిల్లల డాక్టరు దగ్గరికే తీసుకెళ్లండి. చాలాచోట్ల ఫార్మసిస్టులకు కనీస వయో పరిమితి ఉంది; పైగా తొమ్మిదేళ్లలోపు పిల్లలకు మొదటిసారి వేసేటప్పుడు కనీసం నాలుగు వారాల ఎడంతో రెండు డోసులు అవసరం, కనుక రెండో డోసు తేదీ కూడా అదే రోజు రాయించుకుని రండి.